నీళ్ళు తీశాక వచ్చినవాళ్ళకి

అందరికీ నమస్కారం. నేను విజయవాడ సింగ్‌నగర్‌లో జాకెట్లు కుడతాను. మా వీధివాళ్ళకీ, పాయకాపురం, కండ్రిక వైపు కొంతమందికీ నేను తెలుసు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మాకు సాయం చేసినవాళ్ళకి కృతజ్ఞతలు చెప్పుకుందామని ఇది రాస్తున్నాను. ఇన్నాళ్ళకి ఇప్పుడు గుర్తొచ్చామా అని మీరు అడగొచ్చు. గుర్తు లేక కాదండీ. మొదట్లో చెబుదామని కూర్చుంటే ఏడుపొచ్చేది. తర్వాత పనిలో పడిపోయాం. మధ్యలో మా అత్తయ్య పోయారు. ఈ శ్రావణం పెళ్ళిళ్ళ జాకెట్లన్నీ ఇచ్చేశాక కాస్త ఊపిరి తీసుకునే వీలు దొరికింది. నేను చెబుతుంటే మా అమ్మాయి ఫోనులో టైపు చేస్తోంది. మధ్యమధ్యలో "అమ్మా, అది వద్దులే" అంటోంది. నేను వినడం లేదు.

పడవల్లో వచ్చినవాళ్ళకీ, ఎన్‌డీఆర్‌ఎఫ్ కుర్రాళ్ళకీ, డ్రోన్లతో డాబాల మీద అన్నం పొట్లాలు దింపినవాళ్ళకీ అందరూ దండం పెట్టారు, నేనూ పెట్టాను. వాళ్ళు చేసిన సాయం టీవీల్లో లోకమంతా చూసింది. నేను ఇంకా చెప్పుకోవాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. నీళ్ళు తీసేసి, కెమెరాలు వెళ్ళిపోయాక, ఆ బురదలోకి చీపుళ్ళు పట్టుకుని దిగినవాళ్ళు. చుట్టూ నీళ్ళున్నంతసేపూ ప్రాణాలతో బయటపడితే చాలనిపిస్తుంది. ఇంటి తలుపు తోసి లోపలికి చూసినప్పుడు మొదలవుతుంది అసలు కష్టం.

బయటి ఊళ్ళవాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు. మామూలు రోజుల్లో చూస్తే, బెజవాడ దుఃఖదాయని అనేది దీన్నేనా అని నవ్వొస్తుంది. వరదొస్తే వెలగలేరు రెగ్యులేటరు దగ్గర ఆపి, డైవర్షన్ కాలువలోంచి కృష్ణలోకి మళ్ళిస్తారు. 2024 ఆగస్టు చివర్లో కురిసిన వానలకి ఆ కాలువ గట్టుకే గండ్లు పడ్డాయి. కృష్ణ చూస్తే అదీ నిండుగా ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది, ఆ బ్యారేజీ కట్టిన దగ్గర్నుంచీ అంత ఎప్పుడూ రాలేదట. ఇక బుడమేరు ఎక్కడికి పోతుంది? సెప్టెంబరు 1, ఆదివారం, మా ఇళ్ళలోకి వచ్చింది. 2005 వరద చూసిన మా అత్తయ్య "మోకాళ్ళ దాకా వస్తాయే, సామాను మంచాల మీదకి ఎక్కించండి" అన్నారు. ఎక్కించాం. మంచాలు కూడా మునిగాయి.

మేం అద్దెకుండేది కింది వాటా. పైన ఓనరుగారు ఉంటారు. మమ్మల్నే కాదు, పక్కింటివాళ్ళనీ, ఎదురుగా రేకుల ఇళ్ళవాళ్ళనీ ఆయనా ఆవిడా నిలబడి పైకి పిలిచారు. సిలిండరు అయిపోయేదాకా అందరికీ వండారు. ట్యాంకులో నీళ్ళు గ్లాసులతో కొలిచి పోశారు, పిల్లలకి ముందు. అద్దెకి చేరిన నాటినుంచీ ఆవిడ వంటింట్లోకి నేను అడుగు పెట్టింది లేదు, పెట్టమనీ ఎవరూ అనలేదు. ఆ వారం ఆవిడా నేనూ ఒకే గట్టు మీద గిన్నెలు తోముకున్నాం. ఇప్పుడూ కూర మిగిలితే గిన్నె పట్టుకుని తిన్నగా మా వంటింట్లోకే వస్తున్నారు. ఓనరుగారూ, వదినగారూ, ఆ నెలా పై నెలా అద్దె మాట ఎత్తని మీ మంచితనం మా ఇంట్లో అందరికీ గుర్తే.

అత్తయ్యకి షుగరు, రెండు పూటలా ఇన్సులిన్. కరెంటు పోయింది, ఫ్రిజ్ నీళ్ళలో ఉంది. సీసా చేతిలో పట్టుకుని ఇది పాడైపోతుందేమోనని నాకు ఒకటే టెన్షన్. మా వీధి చివర మందుల షాపులో చేసే కుర్రాడు పక్క డాబా మీదే చిక్కుకుని ఉన్నాడు. అక్కణ్ణుంచే అరిచి చెప్పాడు: వాడకం మొదలుపెట్టిన సీసా నాలుగు వారాల దాకా బయట ఉన్నా పనికొస్తుంది, ఎండా వేడీ తగలకుండా ఉంచితే చాలు అని. మట్టి కుండలో గిన్నె పెట్టి, అందులో సీసా పెట్టి, పైన తడిగుడ్డ కప్పాం. మందు వేశాక ఖాళీ కడుపుతో ఉంచకండి, మనిషి పడిపోతుంది అని కూడా వాడే చెప్పాడు. డబ్బులివ్వాల్సిన మాట కాదు, ఆ పూట మాత్రం లక్షల ఖరీదు చేసింది. వాడి షాపు కూడా మునిగిందని తర్వాత తెలిసింది. వాళ్ళ మందులన్నీ చెత్త లారీలో పోయాయి.

మా అమ్మాయి అప్పుడు హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. కేసముద్రం దగ్గర పట్టాలు కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. హైవే మీద ఐతవరం దగ్గర మున్నేరు పొంగి బస్సులూ ఆగిపోయాయి. మా ఫోన్లలో చార్జింగు లేదు. అది అక్కడ ఎలా ఉందో ఇప్పటికీ పూర్తిగా చెప్పదు. దారి తెరిచాక వచ్చింది, ఒక్కతే కాదు, రూమ్మేట్లతో కలిసి వచ్చింది. ఆ పిల్లలు తెచ్చిన సంచులు విప్పితే నాకు నోట మాట రాలేదు. నైటీలు, లోపలి బట్టలు, ప్యాడ్లు, దువ్వెనలు, రబ్బరు చెప్పులు. అందరూ బియ్యం పంపుతారు, పాల ప్యాకెట్లు పంపుతారు, చాలా గొప్ప విషయం. కట్టుబట్టలతో ఉన్న ఆడవాళ్ళకి లోపలి బట్టలు కావాలని ఆ ఇరవై ఏళ్ళ పిల్లలకి తట్టింది. సైజులు మా అమ్మాయి గుర్తుపెట్టుకుని మరీ కొనిపించింది. టైలరు కూతురనిపించుకుంది.

ఇక తలుపు తీసిన సంగతి. బీరువా గోడకి ఒరిగి ఉంది. ఫ్రిజ్ తేలి వచ్చి మంచం మీద వెల్లకిలా పడుకుంది. చీలమండల పైదాకా నల్లటి బురద, ఆ వాసన చెప్పలేను. దేవుడి పటాల్లో రంగులన్నీ కలిసిపోయి ఏది వెంకన్నో ఏది దుర్గమ్మో తెలియలేదు. మా మావగారి ఒకే ఒక్క ఫొటో, పెళ్ళినాటిది, అద్దానికి అతుక్కుపోయింది. తీయబోతే మొహం ఊడి వచ్చింది. అత్తయ్య ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం చూసి మా ఆయన బయటికి వెళ్ళి ఆటో దగ్గర నిలబడ్డారు. అది కూడా మునిగిందే.

ఫైరింజన్లు వీధుల్లోకి వచ్చి గొట్టాలతో బురద కొట్టాయి. ఇంటి మూలల్లో, మంచం కోళ్ళ కింద, గ్యాస్ గట్టు లోపల పేరుకున్నది మాత్రం చేత్తో తీయాల్సిందే. అప్పుడు వచ్చారు మా ఆడపడుచు, అన్నయ్యగారు నూజివీడు నుంచి, పారలు, తట్టలు, తాగే నీళ్ళ క్యాన్లు వేసుకుని. వాళ్ళు మా మనుషులు, వస్తారు. ముక్కూ మొహం తెలియని కాలేజీ కుర్రాళ్ళు మా ఇంట్లో ఎందుకు దిగాలి? ప్యాంట్లు మడుచుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా తట్టలు మోశారు. టీ ఇస్తానంటే "మీ గ్లాసులే లేవు కదా ఆంటీ" అని నవ్వారు. అందులో ఒక అబ్బాయి బాత్రూము తనే కడిగాడు, నన్ను రానివ్వలేదు. ఏ ఊరు బాబూ అంటే పెనమలూరు వైపు అన్నాడు. పేరు అడిగేలోపు పక్కింట్లోకి వెళ్ళిపోయాడు. నాన్నా, ఇది నీ కంట పడితే ఒకసారి మా ఇంటికి భోజనానికి రా. గ్లాసులు కొన్నాం.

ఇల్లు ఒక ఎత్తు, నా షాపు ఒక ఎత్తు. మా ముందు గదే షాపు. రెండు మెషిన్లు, బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మెషిను ఒకటి, అలమర నిండా ఊరివాళ్ళ బట్టలు. చవితి దగ్గరపడుతోందని కొందరు, కార్తీకంలో పెళ్ళిళ్ళున్నాయని కొందరు చీరలు ఇచ్చి వెళ్ళారు. ఫాల్స్ కుట్టడానికి ఇచ్చినవి, పీకోకి ఇచ్చినవి, పట్టు చీరల్లోంచి జాకెట్టు ముక్క కత్తిరించాల్సినవి. అన్నీ బురదలో నాని ఉన్నాయి. ఒకదాని రంగు ఇంకోదానికి దిగింది. జరీ నల్లబడింది. నా సామాను పోతే నా ఖర్మ అనుకుంటాను. వాళ్ళ నమ్మకం అక్కడ ముద్దగా పడి ఉంటే ఏమనుకోవాలి?

ఒక్కొక్కరికీ ఫోను చేసి చెప్పాను. మునిగినవాళ్ళకి చెప్పనక్కర్లేకపోయింది, "మా బీరువాలో ఉన్నవే పోయాయి, నీ దగ్గరున్నవి ఎంత" అన్నారు. ఊళ్ళో నీళ్ళు రాని వైపు వాళ్ళతోనే భయం. ఒకామె మాత్రం చాలా కోప్పడింది. అది వాళ్ళమ్మ పెళ్ళి చీర, వాళ్ళమ్మ లేదు. ఆ కోపంలో తప్పేముంది? నేనైతే ఇంకా అనేదాన్ని. నెలకింత చొప్పున కడతానన్నాను, సరే అని ఫోను పెట్టేసింది.

ఆ ముద్దలన్నీ మూట కట్టి వన్‌టౌన్‌లో చీరల రోలింగ్ చేసే అన్నయ్య దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఒక్కో చీరా విప్పి, వెలుతురుకి పట్టి చూసి, మూడు కుప్పలు వేశాడు: వచ్చేవి, సగం వచ్చేవి, రానివి. పట్టువాటిని కుంకుడుకాయ రసంలో, రంగు చీరల్ని ఉప్పు నీళ్ళలో ముందు మమ్మల్నే జాడించుకురమ్మన్నాడు. మా అత్తయ్య, ఓనరుగారి భార్య, ఎదురింటి పిన్నిగారు, నేనూ డాబా మీద కూర్చుని జాడించాం. తర్వాత ఆయన రోలింగుకి ఒక్క రూపాయి తీసుకోలేదు. "ఈ నెల నాకు బేరాలెలాగూ లేవు, మెషిను ఖాళీగా తిరిగే బదులు" అన్నాడు. బేరాలు లేవన్నది నిజమే, ఆయన కస్టమర్లంతా మావైపు వాళ్ళే.

కుట్టుమిషన్ల సంగతి ఇంకో కథ. ఇనుప భాగాలు మూడు నాలుగు రోజుల్లోనే తుప్పెక్కాయి. బల్ల చెక్క ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయింది. మోటార్లు పోయాయి. ఒక పెద్దాయన, నా మొదటి మెషిను అమ్మిన ఆయనే, ఇప్పుడు షాపు కొడుక్కి అప్పగించేసి ఇంట్లో ఉంటున్నారు. విషయం తెలిసి సైకిలు మీద వచ్చారు. వాకిట్లో గోనెపట్టా పరిచి, మెషిను హెడ్డు పూర్తిగా విప్పి, షటిల్, బాబిన్ కేసు, పళ్ళచక్రం ఒక్కొక్కటే కిరసనాయిల్లో కడిగి, ఎండబెట్టి, నూనె వేసి బిగించారు. మావి అయ్యాక వీధిలో ఇంకెవరికైనా మెషిన్లున్నాయా అని అడిగి వాళ్ళవీ చేశారు. మోటారు లేకుండా మళ్ళీ కాలితో తొక్కే మెషిను మీద దసరా జాకెట్లు కుట్టాను. మోకాళ్ళు పట్టేశాయి కానీ పండక్కి ఆర్డర్లు వదులుకోలేదు. ఓవర్‌లాక్ మాత్రం బాగు కాలేదు. ఆయనే చెప్పారు, "దీనికి డబ్బు పెట్టకమ్మా, దండగ" అని. రిపేరు చేసేవాళ్ళు ఆ మాట చెప్పడం అరుదు.

నేను ఎక్కువ బాధపడింది నా కొలతల పుస్తకం గురించి. పొడవు, భుజం, చంక, నడుము, ముందు మెడ, వెనక మెడ, ఎవరికి చెయ్యి ఎంత వదులుండాలి, ఎవరి ఎడమ భుజం కాస్త కిందకి ఉంటుంది, అన్నీ అందులోనే. వీధి చివర రిటైరైన మాస్టారు ఒకాయన ఉన్నారు. తడిసిన పుస్తకాన్ని బలవంతంగా విప్పొద్దని, పేజీకీ పేజీకీ మధ్య న్యూస్‌పేపరు ముక్కలు పెట్టి, రోజూ అవి మార్చుతూ ఆరబెట్టారు. పాతవి బాల్‌పెన్నుతో రాసినవి నిలిచాయి. ఈ మధ్య జెల్ పెన్నుతో రాసినవి నీలం మరకలయ్యాయి. నిలిచినవాటిని కొత్త నోట్సులోకి ఎక్కిస్తానని మాస్టారు కూర్చున్నారు, ఆ కొలతలేమిటో చూశాక గబగబా పుస్తకం తీసుకెళ్ళి వాళ్ళావిడకి ఇచ్చేశారు. వీధంతా నవ్వుకున్నాం. వరదొచ్చాక మేం గట్టిగా నవ్వింది అప్పుడే అనుకుంటాను. ఆ పుస్తకంలో నిలిచిన పేజీల్లో ఇప్పుడు లేనివాళ్ళ కొలతలు కూడా ఉన్నాయి. మాస్టారి భార్య వాటిని కొట్టేయకుండా అలాగే ఎక్కించారు. మంచి పని చేశారు.

సర్కారు సాయం గురించి కూడా చెప్పాలి కదా. బియ్యం 25 కిలోలు, కందిపప్పు, నూనె, పంచదార, ఉల్లిపాయలు, బంగాళదుంపలు ఇంటికొచ్చాయి. మునిగిన కింది వాటాకి 25 వేలు ప్రకటించారు. లెక్క రాసుకోవడానికి వచ్చిన పూట మేం చీరల మూటతో వన్‌టౌన్‌లో ఉన్నాం, జాబితాలో మా పేరు రాలేదు. సచివాలయంలో చేసే ఒక అమ్మాయి, వాళ్ళిల్లు కూడా మునిగిందే, డ్యూటీ అయ్యాక చీకటిపడ్డాక వచ్చి గోడ మీద నీటి గీత ఫొటో తీసుకుని, ఆధార్ నంబరు, బ్యాంకు వివరాలు మళ్ళీ ఎక్కించింది. డబ్బు పడింది. పోయినదాంట్లో అది ఎన్నో వంతని లెక్కేస్తే ఎంతకీ తెమలదు. కాకపోతే కొత్త మోటారు, ఆటోకి బ్యాటరీ, స్టవ్వు ఆ డబ్బుతోనే కొన్నాం. అమ్మా, నీకు ఆ రోజు మంచినీళ్ళు కూడా ఇవ్వలేకపోయాను.

అత్తయ్య పుష్యమాసంలో పోయారు. వరద వల్ల కాదు. డెబ్బై దాటిన వయసు, ఎన్నేళ్ళ షుగరో, గుండె అలిసిపోయింది. అయినా ఆ ఫొటో ఊడిన దగ్గర్నుంచీ ఆవిడ కొంచెం తగ్గారని నాకు అనిపిస్తుంది. మా ఆయన ఒప్పుకోరు. నేను కుట్టే ప్రతి జాకెట్టుకీ హుక్కులూ కాజాలూ, చేతుల హెమ్మింగూ ఆవిడే చేసేవారు. అద్దాలు ముక్కు చివరకి జార్చుకుని, సీరియల్ చూస్తూ, చూడకుండా కుట్టేసేవారు. మా షాపు హుక్కులు ఊడవని పేరుందంటే అది ఆవిడ చేతి చలవే. ఇప్పుడు ఎదురింటి పిల్ల చేస్తోంది, జాకెట్టుకి ఇంత అని ఇస్తున్నాను, బాగానే కుడుతుంది. సాయంత్రం పూట పూర్తయిన జాకెట్టు చేతికి రాగానే "అత్తయ్యా" అని పిలవబోతాను. దినకర్మల రోజు రోలింగ్ అన్నయ్య, మెషిన్ల పెద్దాయన, మాస్టారూ వాళ్ళావిడా, మందుల షాపు కుర్రాడు అందరూ వచ్చారు. బురద తీసినప్పటి మనుషులే. వంటల దగ్గర ఎవరికీ ఏ పనీ చెప్పాల్సి రాలేదు.

సంతోషం గురించి కూడా చెప్పమంటోంది మా అమ్మాయి. చెబుతాను. వాళ్ళమ్మ చీర పాడైందని కోప్పడిన ఆమె ఒకరోజు ఉన్నట్టుండి షాపుకి వచ్చింది, చంకలో ఆడపిల్లతో. నేను భయపడుతూనే కుర్చీ వేశాను. రోలింగ్ అన్నయ్య "సగం వచ్చేవి" కుప్పలో వేసిన చీరే అది, కొంగూ ఒక వైపు కుచ్చిళ్ళూ పోయాయి, లోపలి భాగం బాగానే ఉంది. అందులోంచి పాపకి అన్నప్రాసనకి పరికిణీ కుట్టమంది. మరక పడని గజం కోసం నేనూ ఆమే నేల మీద చీర పరుచుకుని వెతికాం. అంచు చుట్టూ వచ్చేలా అతికి కుట్టాను, పాప పెరిగితే విప్పుకోవడానికి కింద మడత ఎక్కువ పెట్టాను. నేను ఇంకా కట్టాల్సిన వాయిదాలు వద్దంది. నేను ఒప్పుకోలేదు. చివరికి పాపకి అయిదేళ్ళొచ్చేదాకా గౌన్లు నేనే కుట్టేట్టు తెంపుకున్నాం. ఆమెకే లాభం, పాప బొద్దుగా ఉంది, త్వరగా పెరిగేట్టుంది.

ఇప్పుడు ఎలా ఉన్నారని అడుగుతుంటారు. బాగానే ఉన్నాం. గండ్లు అప్పుడే పూడ్చారు, గట్ల పనులు చేస్తున్నామంటున్నారు. అయినా రాత్రి పెద్ద వాన పడితే మా వీధిలో ఎవరూ పడుకోరు. "మళ్ళీ గండి పడిందట" అని ఫోన్లలో ఎవడో పుట్టిస్తాడు, పిల్లల్ని లేపి మెట్ల మీద కూర్చుంటారు. దయచేసి అలాంటివి పంపకండి. మెషిన్లని నడుమెత్తు సిమెంటు దిమ్మె మీద పెట్టించాను. కాగితాలు పాలిథీన్ కవర్లలో అటక మీద ఉన్నాయి. ఆటో ఫైనాన్సు ఇంకా ఉంది, అమ్మాయి ఆఖరి సంవత్సరం ఫీజు ఉంది, డ్వాక్రా అప్పు నెలనెలా కడుతున్నాను. జాకెట్టుకి ఇరవై రూపాయలు పెంచాను. ఒక్కరు కూడా బేరమాడలేదు, ఇదీ సాయం కిందే లెక్క.

పేర్లు రాయొద్దని చాలామంది అన్నారు కాబట్టి ఎవరి పేరూ రాయలేదు. చదివితే ఎవరికి వాళ్ళకి తెలుస్తుంది. మీ అందరికీ మా ఇంటిల్లిపాది నమస్కారాలు.

ఇంకో మాట. బాగుపడిన చీరల్లో మూడు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. చీటీలు కరిగిపోయాయి, ఎవరివో తెలియడం లేదు. చిలకాకుపచ్చకి మెరూన్ అంచు వెంకటగిరి ఒకటి, లేత గులాబీ రంగు సిల్కు ఒకటి, నెమళ్ళ అంచు మంగళగిరి ఒకటి. వరదకి ముందు వారం ఫాల్స్‌కి ఇచ్చినవి అని మాత్రం గుర్తు. మీవైతే కొంగు మీద ఏముందో చెప్పి తీసుకెళ్ళండి, ఫాల్స్ కుట్టే ఉంచాను. దసరా జాకెట్లు ఇచ్చేవాళ్ళు వినాయక చవితి వెళ్ళిన వారంలోపు ఇవ్వండి, ఆ తర్వాత తెస్తే పండగ లోపల ఇస్తానని మాటివ్వలేను. పాత కస్టమర్లు కూడా కొలత జాకెట్టు తెచ్చుకోవాలి, మాస్టారి భార్య రాసిన పుస్తకంలో అందరివీ లేవు.